ఉక్కురాయుడి జవాబు

హైమ మైకు ముందు నిలబడి ఉంది, కానీ ఆ మైకు డబ్బింగ్ థియేటర్లో లేదు, మరమనిషి ఉక్కురాయుడి ఛాతీ లోపల, కుర్రాడు కూర్చుని నడిపే ఇరుకు గదిలో ఉంది. కిటికీలోంచి చూస్తే మేఘాలు కనపడాల్సింది పోయి కృష్ణానగర్ సందు కనపడుతోంది, ఎవరో చాయ్ కాస్తున్న వాసన కూడా వస్తోంది, ఇంత ఎత్తుకి ఆ వాసన ఎలా వస్తోందో ఆమెకు అంతుపట్టడం లేదు. పక్క మైకు దగ్గర జోగారావు మఫ్లర్ చుట్టుకుని తీరిగ్గా పల్లీలు తింటున్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయిందని హైమకు తెలుసు, అయినా ఆ మాట మొహం మీద అనడం మర్యాద కాదనిపించి ఊరుకుంటుంది.

"ఏటే చిన్నోడా, ఇప్పుడా రావడం?" అంటాడాయన. పెదవులు ముందు కదులుతాయి, మాట కాసేపాగి వస్తుంది.

"బాబాయ్, సింక్ పోతోంది," అంటుంది హైమ కంగారుగా. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషికి పెదవి ఒకచోట, మాట ఒకచోట పడ్డ పాపాన పోలేదు.

"పోదేటి మరి? ఎంత దూరం నుంచి రావాలో నీకేటి తెలుసు?"

చిన్నోడా అనడం కొత్తేమీ కాదు. ఆ జపాన్ బొమ్మల సీరియల్లో మరమనిషిని నడిపే కుర్రాడికి గొంతు ఇచ్చింది హైమే. డబ్బింగ్‌లో మగపిల్లల గొంతులు ఆడవాళ్ళే చెబుతారు. మరమనిషి గొంతు జోగారావుది, పార్వతీపురం నాటకాల్లో భీముడి వేషాలు వేసి వేసి గట్టిపడిన గొంతు. తమాషా ఏమిటంటే అసలు సీరియల్లో ఆ మరమనిషి నోరే విప్పడు. మొదటి క్యాసెట్లు వచ్చినప్పుడు, అంత పెద్ద మొహం తెర నిండా కనపడి ఒక్క మాటా వినపడకపోయేసరికి, సౌండ్ ట్రాక్ ఎక్కడో పోయిందనుకుని మనవాళ్ళు మాటలు రాసి చెప్పించేశారు. మొహానికి ఉక్కు తొడుగే గానీ పెదవులు లేవు కాబట్టి ఏం చెప్పినా చెల్లిపోయింది. నిజం తెలిసేసరికి తెలుగు పిల్లలంతా ఆ గొంతుకి అలవాటు పడిపోయారు, ఇక మాన్పించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒక్క ఆఖరి భాగం మిగిలి ఉండగా జోగారావు పోయాడు, సీరియల్ ఆగిపోయింది. ఇప్పుడెవరో కొత్త కంపెనీవాళ్ళు దాన్ని కొన్నారు. ఉక్కురాయుణ్ణి అసల్లో ఉన్నట్టే మూగగా ఉంచాలట, లేదంటే వేరే ఆర్టిస్టుని పెడతారట, పాతవాళ్ళలో మిగిలింది హైమ ఒక్కతే కాబట్టి ఏదో ఒకటి ఆమెనే తేల్చమన్నారు. రికార్డింగ్ ఇవాళే. ఇంకో మనిషి ఆ మైకు దగ్గర నిలబడడం ఊహించుకుంటేనే ఆమెకు ఏడుపొస్తోంది, మూగగా వదిలేస్తే ఆయన రెండోసారి పోయినట్టుంటుంది.

"బాబాయ్, చివర్లో ఏమంటావో చెప్పు," అంటుంది ఆమె. "యుద్ధమైపోయింది. నేనింక దిగిపోవాలి. 'నేను దిగిపోతే నువ్వేమైపోతావు?' అని అడుగుతాను. నువ్వేమంటావు?"

జోగారావు వినిపించుకోడు. "పిల్లలకి ఆ ఇనప బొమ్మంటే అంత ఇదెందుకో తెలుసేటి నీకు?" అంటాడు.

"కత్తులు, మంటలు, కొట్లాటలు..."

"నీ మొహం! ఇంటో ప్రతీవోడూ ఆళ్ళని కిందకి సూసే మాటాడతాడు. ఇంత పొడుగోడు ఒక్కడొచ్చి, మోకాళ్ళ మీద కూకుని, ఎక్కు బాబూ, నువ్వు నేకపోతే నాను నెగిసి నిలబడనేను అంటాడు. ఏ ఇంటోనైనా ఏ పెద్దోడైనా అన్నాడేటే ఆ మాట?"

అంటూనే ఆయన నిజంగా మోకాళ్ళ మీద కూర్చుంటాడు, కూర్చున్న కొద్దీ పెద్దవుతాడు, భుజాలు గది గోడలవుతాయి, మఫ్లర్ ఎటో పోతుంది, హైమ ఆయన ఎదురుగా ఉందో ఆయన లోపలే ఉందో ఆమెకే తెలియడం లేదు, చేతులు చూసుకుంటే పిల్లవాడి చేతుల్లా ఉన్నాయి, కిటికీలో కృష్ణానగర్ సందు పోయి నాటకాల స్టేజీ కనపడుతోంది, ఎదురుగా కుర్చీల్లో చిన్నపిల్లలు కూర్చుని నోళ్ళు తెరుచుకుని తననే చూస్తున్నారు, ఇది రిహార్సలో టేకో అడుగుదామంటే ఎవరినడగాలో తోచదు.

"నేను దిగిపోతే నువ్వేమైపోతావు?" అంటుంది హైమ, పిల్లవాడి గొంతుతో. అడిగాక గానీ తెలియలేదు, అది సీరియల్లో మాట మాత్రమే కాదు, ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పటినుంచీ తన కడుపులో ఉన్న మాట కూడా.

పైన ఎక్కడో ఉక్కు మొహంలో కదలిక. ఈసారి ముందుగా ఊపిరి వినిపిస్తుంది, ఛాతీ నిండా తీసుకున్న పెద్ద ఊపిరి, ఆమె నిలబడ్డ గది గోడలు ఆ ఊపిరికి వెడల్పవుతాయి, ఇక మాట రావాలి, ఇదిగో వస్తోంది—

"మేడమ్, లేస్తరా? అంతా రెడీ ఉంది."

సౌండ్ ఇంజనీర్ ఖాదర్. హైమ థియేటర్ సోఫాలో మెడ వాల్చి పడుకుని ఉంది. బాబాయ్ ఏమనబోయాడో ఇంకొక్క క్షణం ఆగితే తెలిసేది, ఖాదర్ మీద చెప్పలేనంత కోపం వస్తుంది ఆమెకు.

"పాత ఎపిసోడ్ ట్రాక్ పెడుతున్న, మీ గొంతు కలుస్తదా చూస్కోండి," అని హెడ్‌ఫోన్స్ అందిస్తాడు.

ఎప్పటిదో తన గొంతు, సన్నగా, చురుగ్గా, ఏదో అడుగుతోంది. ఆ వెంటనే పక్క మైకులోంచి నిండుగా ఒక ఊపిరి. తర్వాత ఏమీ లేదు.

"అగ్గో, సార్ ఊపిరి మిగిలిపోయింది. డైలాగ్ వేరే టేక్‌ల ఉన్నట్టుంది. సాఫ్ చేస్త మేడమ్."

"చెయ్యకు!" అంటుంది హైమ గట్టిగా. "ఆఖరి సీన్లో నేనడిగాక అది పెట్టు. అదొక్కటే. ఇంకెవర్నీ పిలవక్కర్లేదు."

"వేరే ఆర్టిస్టు లేకుంటే ఆయన మాట్లాడొద్దన్నరు గద కంపెనీవాళ్ళు?"

"మాట్లాడడం లేదు ఖాదర్," అని కళ్ళు తుడుచుకుని మైకు దగ్గరికి నడుస్తుంది హైమ. "మాట్లాడబోతున్నాడు."