ఒకే తీరు సీసాలు

నూనె విషయంలో నా ముక్కుకు సూరత్‌లో సాటి లేదు. గోడాదరాలో మా గల్లీ మొదట్లో నిలబడి ఎవరింట్లో పల్లీనూనె కాగుతోందో, ఎవరి తలకు కొబ్బరినూనె పెట్టారో, ఏ కార్ఖానాలో బట్ట నేసే సాంచాలకు నూనె వేశారో చెప్పేవాణ్ణి. ఒకసారి వాసన పట్టుకుని ముప్ఫై కిలోమీటర్ల అవతలి నవసారి దాకా నడిచి, అక్కడ వేడివేడి పూరీలు తిని వచ్చాను.

మా కోడలు భాగీరథి నమ్మినట్టే వినేది. నా కొడుకు శ్యాంసుందర్ సాంచాల దగ్గర నుంచి తెచ్చే జిడ్డు బట్టలు ఉతికి, రెండు పూటలా వండి, మధ్యలో కుట్టుమిషన్ మీద చీరలకు లేసు కుట్టేది. ఆదివారం మా ముసలివాళ్లిద్దరి తలలకూ నూనె మర్దన. మిగిలిన చుక్క తన తలకు రాసుకోబోతే, "ఇంట్లనే ఉంటవు గద, నీకెందుకే గంత నూనె?" అనేది నా భార్య నర్సవ్వ. నేను నవ్వేవాణ్ణి.

ఖటోదరాలో ఒక కుట్టు కార్ఖానాలో భాగీరథికి చెకింగ్ పని దొరికింది. సోమవారం చేరాలి. "నువ్వు పోతే వంటెవలు చేస్తరు?" అన్నాడు నా కొడుకు. మాట అక్కడే తెగింది. ఆ వారమే కుట్టుమిషన్‌కని సాంచాలకు వేసే, తినకూడని తెల్లనూనె తెచ్చి, ఖాళీ అయిన పల్లీనూనె సీసాలో పోసి వంటింటి గూట్లో పెట్టాడు. పక్కనే వంటనూనె. అదే తీరు సీసా, ఇంచుమించు అదే రంగు.

"దాని మీద ఏమన్న రాయి," అంది భాగీరథి.

"వండేది నువ్వే గద. నీకు తెలిస్తే సాలు."

ఆ మాట ఆమెను వదల్లేదు. ఎవరికి ఎంత కారం, మామకు ఏ మాత్ర, అత్తకు ఏది పడదు, అన్నీ నాకు తెలిస్తే చాలు, అనుకుంది. నాకు తెలిసింది ఒక్కపూట మరిచిపోతే? మరిచిపోయినట్టు ఉంటే? గూటి వైపు పోయిన ప్రతిసారీ తన చేతిని చూసి తనే జడుసుకుందట. ఇదంతా తర్వాత ఆమే చెప్పింది.

ఆదివారం సాయంత్రం కొడుకు దోస్తు పరమేశ్ వచ్చాడు. లోపల మిర్చి బజ్జీలు వేగుతున్నాయి.

"మా ఆమె నౌకరి చేస్తదట! బజ్జీలు తిప్పుడు తప్ప ఏమొస్తది?" అన్నాడు కొడుకు. పరమేశ్ నవ్వాడు. నేనూ నవ్వాను. వంటింట్లో నూనె చిటపటలాడుతూనే ఉంది.

పళ్లెం వచ్చింది. "ఏ సీసా నూనె బిడ్డా?" అన్నాను, వేళాకోళానికే.

"మీరే చెప్పుండ్రి మామా. మీ ముక్కున్నది గద."

వాసన చూశాను. దాచడమెందుకు, సాంచాల దుమ్ముకు నా ముక్కు ముప్ఫై ఏళ్ల కిందటే పోయింది. అగరుబత్తీ, కిరసనాయిలు నాకు ఒకటే. నవసారి పూరీలూ ఉత్త మాటే.

నేను తేల్చలేక మళ్లీ వాసన చూసేసరికి కొడుకు ముఖం పాలిపోయింది. "ఏందే? ఏ సీసా?"

"నాకు తెలిస్తే సాలన్నవు గద."

పరమేశ్ చేతిలోని బజ్జీ మెల్లగా పళ్లెంలోకి జారింది. భాగీరథి ఒకటి తీసుకుని, కొరికి, నిదానంగా నమిలి మింగింది.

"పొద్దుగాల ఎనిమిదింటికి పోత. వంట మీరే చేసుకోండ్రి. సీసాలు గుర్తువట్టుండ్రి."

అన్నట్టే పోయింది. ఇప్పటికీ పోతోంది.

ఇందులో ఇంకొక్కటి కూడా నేను కల్పించాను. ఆమె ఆ బజ్జీ కొరకలేదు. ఎవరమూ కొరకలేదు. ఏ సీసా నూనెతో వేయించిందో అడిగే ధైర్యం మా ఇంట్లో ఇంకా ఎవరికీ రాలేదు.