ఒకే చుక్క

గోల్ఫ్ ఆడేవాళ్ళకు ఒక అలవాటుంది. మొదటి దెబ్బ కొట్టబోయే ముందు ఒకరి బంతి ఒకరికి చూపించుకుంటారు. "నాది రెండో నంబరు, కింద ఎర్ర చుక్క" అని ఒకరంటే, "నాది నాలుగు, నీలం గీత" అని రెండోవాళ్ళు అంటారు. చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్ళినంత మామూలు సంగతి. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఆట మీదే బతుకుతున్న హిల్లెవి ఏ పోటీలోనూ ఆ పని మరచిపోలేదు. ఆ ఆదివారం మాత్రం కావాలనే మానేసింది. చూపించాల్సింది మైకెన్‌కి. మైకెన్‌తో ఆమెకు ఏప్రిల్ నుంచి మాటల్లేవు.

ఇద్దరిదీ ఉత్తరాన మంచుసీమ దాలర్నాలోని ఓరెబాకా అనే ఊరు. అక్కడ మే నెల వస్తేగాని మైదానం మీద మంచు పూర్తిగా పోదు. పిల్లలు పాత గిడ్డంగిలో వల కట్టుకుని, అందులోకి బంతులు కొడుతూ ఆట నేర్చుకుంటారు. హిల్లెవీ అలాగే నేర్చుకుంది. పేరొచ్చాక కూడా చలికాలం ఊరికి వెళ్ళి ఆ గిడ్డంగిలోనే పిల్లలకు నేర్పేది. వాళ్ళలో మైకెన్ ఒకతి. ఏడేళ్ళప్పుడు తనకంటే పొడుగున్న కర్ర ఈడ్చుకుంటూ వచ్చి, "నిన్ను ఓడించాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది. ఆ పొగరు హిల్లెవికి తెగ నచ్చింది. అందరికంటే ఎక్కువసేపు ఆ పిల్ల దగ్గరే నిలబడేది.

ఆ పిల్ల ఈ ఏడాదే పెద్ద పోటీల్లోకి వచ్చింది. ఏప్రిల్‌లో ఫాలున్ పత్రికవాడు హిల్లెవి గురించి అడిగితే, "ఆమె కాలం వేరు. ఇప్పుడు అలా ఆడితే కుదరదు" అంది. అన్నది నిజమే. నిజం కాబట్టే హిల్లెవికి ఒళ్ళు మండింది. అయితే ఓరెబాకా వాళ్ళు గొంతెత్తి పోట్లాడుకోరు. కాఫీ తాగేటప్పుడు వేరే బల్ల చూసుకుంటారు. మైకెన్ కూర్చున్న బల్ల దగ్గర హిల్లెవి కూర్చోవడం మానేసింది. మైకెన్ రెండుసార్లు కాఫీ కప్పు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. రెండుసార్లూ హిల్లెవికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయింది. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి చేయాల్సిన పనేనా అంటే కాదు. కానీ చేసింది.

ఆ ఆదివారం పడమటి తీరంలో సీజన్ ఆఖరి పోటీ, అందులో ఆఖరి రోజు. హిల్లెవికి మోకాలి నొప్పితో ఏడాదంతా ఆట సాగలేదు. వచ్చే ఏడాది ఆడే హక్కు నిలవాలంటే ఈ పోటీలో మొదటి ముగ్గురిలో ఉండాలి. లేకపోతే మళ్ళీ అర్హత పోటీలకు వెళ్ళి పంతొమ్మిదేళ్ళ పిల్లలతో వరసలో నిలబడాలి. ఆ వరసలో నిలబడేది లేదని, హక్కు పోయిన రోజే ఆటకు దండం పెట్టేస్తానని ముందే చెప్పేసింది. చిత్రంగా మొదటి మూడు రోజులూ బంతి ఆమె చెప్పినట్టు విన్నది. ఆదివారం పొద్దున ఆమె మూడో స్థానంలో ఉంది. రెండో స్థానంలో మైకెన్. అందుకని ఇద్దరినీ ఒక జంటగా వేశారు.

ఓరెబాకా పిల్లలందరూ బంతి మీది నంబరు కింద ఒక ఎర్ర చుక్క పెడతారు. నేర్పింది హిల్లెవే. ఆ ఊరి క్లబ్బువాళ్ళు ఇద్దరు కలిసి ఆడితే, ఒకరు పక్కన ఇంకో చుక్క పెట్టుకుంటారు. దానికి ముందు మాట్లాడుకోవాలి కదా. వీళ్ళు మాట్లాడుకోలేదు. ఇద్దరికీ బంతులిచ్చే కంపెనీ కూడా ఒకటే. పదిహేనో గుంట దాకా నంబర్లు వేరు కావడంతో ఏ చిక్కూ రాలేదు. అక్కడ బంతి గీసుకుపోయిందని మైకెన్ కొత్తది తీసింది. ఆ మాట చెప్పాలని నోరు తెరిచింది కూడా. హిల్లెవి వీపు తిప్పి నిలబడి ఉంది. మైకెన్ చెప్పకుండానే కొత్త బంతితో కొట్టేసింది.

పదహారో గుంట దగ్గర సముద్రం మీంచి గాలి కొట్టింది. ఇద్దరి బంతులూ కుడివైపు దిబ్బ దాటి లింగన్ అనే అడవిపళ్ళ పొదల్లోకి పోయాయి. అక్కడ కాపలా ఉన్నవాడు రెండూ దొరికాయని జెండా ఊపాడు. హిల్లెవి గుండె కుదుటపడింది. ఇంకో మూడు గుంటలు. చేతిలో ఉన్నది జారకుండా చూసుకుంటే చాలు.

దిబ్బ దిగి చూస్తే రెండు బంతులూ నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. ఒకటి పొట్టి గడ్డి మీద హాయిగా కూర్చుంది. రెండోది ముళ్ళపొద మొదట్లో ఇరుక్కుంది. హిల్లెవి వంగి మొదటిదాన్ని చూసింది. రెండో నంబరు, ఎర్ర చుక్క. రెండోదాన్ని చూసింది. రెండో నంబరు, ఎర్ర చుక్క.

"మీరు బంతులు చూసుకోలేదా?" అన్నాడు యెర్కర్. అతను హిల్లెవి అక్క మొగుడు, ఆమె బ్యాగు మోసేది అతనే.

"నువ్వేం చేస్తున్నావు అప్పుడు?"

"బన్ను తింటున్నాను. మీకు నోళ్ళున్నాయి కదా అనుకున్నాను."

ఎవరి బంతి ఏదో తేలకపోతే రెండూ పోయినట్టే. ఇద్దరూ వెనక్కి వెళ్ళి, కొట్టిన దెబ్బ పోగా ఇంకో దెబ్బ అదనంగా లెక్క వేసుకుని, మళ్ళీ కొట్టాలి. అది నియమం. రిఫరీ బార్బ్రో అప్పటికే దిబ్బ దిగుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా వస్తోంది.

"గడ్డి మీదున్నది హిల్లెవిది" అంది మైకెన్ గట్టిగా. "ముళ్ళలో ఉన్నది నాది."

"ఖాయమేనా?" అంది బార్బ్రో.

"పడేటప్పుడు చూశాను."

చూడలేదు. దిబ్బ అవతల పడింది, కొట్టిన చోటి నుంచి ఎవరూ చూసే వీల్లేదు. కాపలావాడికైనా ఏది ఎవరిదో తెలియదు. హిల్లెవి మైకెన్ మొహంలోకి చూసింది, ఏప్రిల్ తర్వాత మొదటిసారి. చెవులు ఎర్రబడి ఉన్నాయి. చిన్నప్పుడు అబద్ధమాడినా అంతే, ముందు చెవులే చెప్పేసేవి.

"మరి నువ్వేమంటావు హిల్లెవీ?" అంది బార్బ్రో.

అవునంటే అయిపోతుంది. పొట్టి గడ్డి మీది బంతిని కొట్టి, గుంట చుట్టూ ఉన్న పచ్చిక మీదికి చేర్చి, మూడో స్థానంలో ఇంటికి పోవచ్చు. ఇంకో ఏడాది ఆడవచ్చు. ఆ ఇంకో ఏడాది ఆమెకు ఎంత కావాలో ఆమెకే తెలుసు.

"నాకు తెలియదు" అంది. "ఆమెకూ తెలియదు."

యెర్కర్ బ్యాగు కింద పెట్టేశాడు. బార్బ్రో మైకెన్ వైపు తిరిగింది.

"మైకెన్ పొరబడిందనుకుంటాను" అంది. "పొరబడ్డావు కదమ్మా?"

"పొరబడ్డాను" అంది మైకెన్.

ఇద్దరూ వెనక్కి నడిచారు. మళ్ళీ కొట్టారు. ఆ గుంటలో పోయిన రెండు దెబ్బలు హిల్లెవికి తిరిగి రాలేదు. ఆమె ఐదో స్థానంలో ముగించింది. కప్పు దాకా వచ్చిన మైకెన్ నాలుగో స్థానంలో ఆగిపోయింది.

క్లబ్బు వెనక మెట్ల మీద హిల్లెవి బూట్లు విప్పుకుని కూర్చుంది. లోపల ఆమె నిజాయితీని ఎవరో పెద్ద గొంతుతో పొగుడుతున్నారు. వినలేక బయటికి వచ్చింది. మైకెన్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"బార్బ్రో ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు."

"చేశాను."

"నీకోసమే కదా చెప్పింది! ఆ గడ్డి మీదున్నది నాదే అయ్యుండొచ్చు. అయినా నీకిచ్చాను."

"తెలుసు పిల్లా."

"ఇప్పుడు నువ్వు మహా నిజాయితీపరురాలివి. అందరూ అదే అంటున్నారు."

అవునని ఊరుకుంటే హిల్లెవికి కాస్త పరువైనా మిగిలేది. కానీ ఒంట్లో ఆ ఓపిక లేదు.

"నిజాయితీ కాదు" అంది. "ఆ బంతి నాదని ఇంకెవరన్నా అని ఉంటే నోరు మూసుకుని కొట్టేసేదాన్నేమో. నువ్వు అన్నావని కొట్టలేదు. నువ్వు నాకు దానం చేసేదేమిటని ఉక్రోషం వచ్చింది. అంతే."

తిడుతుందనుకుంది. మైకెన్ తిట్టలేదు. వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది.

"నేనైతే తీసుకునేదాన్ని" అంది. "నువ్విచ్చావంటే ఏదైనా తీసుకునేదాన్ని."

ఆడే హక్కు పోయినప్పుడు రాని ఏడుపు హిల్లెవికి అప్పుడు వచ్చింది. ఆపుకోలేదు. మైకెన్ లేచి వెళ్ళిపోలేదు.