ఫోన్లో చూసిన రోగం

నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్లు దగ్గర లేనప్పుడు తప్పదు. విశాఖపట్నంలో ఒక వైద్య కళాశాలలో ప్రొఫెసర్ని. కెమెరా ఉన్న గొట్టం నోట్లోంచి దించి కడుపంతా చూస్తాను, పైత్యనాళంలో ఇరుక్కున్న రాళ్లు కోత లేకుండా తీస్తాను. సింగపూర్లో నా ఉపన్యాసానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో మాత్రం నన్ను గొట్టాల డాక్టరంటారు. గౌరవంగానే అంటారని నా నమ్మకం.

2004 మే నెలలో పలాస డాక్టర్లు సభ పెట్టి నన్ను పిలిచారు. ముందు ఉపన్యాసం, తర్వాత ఒక రోగికి అందరి ముందూ గొట్టం వేసి టీవీలో చూపించడం. నా ఘనత కళ్లారా చూడడానికి మా అక్క నీలమ్మ, సముద్రంలో చేపల వేట చేసే బావ నూకయ్య పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. బావ చొక్కా భుజాల మీద వేలాడుతోంది. "సన్నబడ్డావు బావా, ఈ వయసులో మంచిదే," అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

శాలువా కప్పారు, జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టారు. నేను మైకు అందుకున్నాను.

"ముద్ద దిగడం లేదని రోగి చెప్పిన రోజే గొట్టం వేసి చూడాలి. అన్నం మానేసి అంబలికి దిగాడంటే ఇంక ఒక్క వారం కూడా ఆగకూడదు. చూడకుండా గ్యాస్ మాత్ర రాసేవాడు డాక్టరు కాదు, మందుల కొట్టువాడు."

హాలంతా నవ్వింది. ఆ మాట అంటున్నప్పుడు నేను ముందు వరసలో ఉన్న టెక్కలి డాక్టరు రామూర్తి వైపు చూశాను. ఆయనేమీ తప్పు చేశాడని కాదు. ఇస్త్రీ లేని చొక్కా, అరిగిన చెప్పులు, ఇలాంటి వాడే రాస్తాడని నాకు తోచింది. ఆయన తల వంచుకుని నా మాటలు పుస్తకంలో రాసుకున్నాడు.

గొట్టం వేయించుకోవలసిన రైతు, సుమ్మాదేవి ఊరివాడు, దాని పొడవు చూసి బస్సు టైమైపోయిందని చెప్పి వెళ్లిపోయాడు. నిర్వాహకులు మొహమొహాలు చూసుకుంటుంటే బావ లేచాడు.

"ఆడు పోతే పోనీండి. మా బామ్మర్ది గొట్టం నేను మింగుతాను. పొద్దున్నించి నీళ్లు కూడా తాగనేదు."

"దిగితే కదా తాగడానికి," అంది అక్క మెల్లగా. "అంబలి కూడా కక్కేస్తన్నాడురా."

అప్పుడైనా నాకు తెలియాలి. తెలిసింది కూడా. కానీ నలభై మంది డాక్టర్లు ఎదురుచూస్తున్నారు, టీవీ వెలుగుతోంది. గొంతులో మత్తుమందు కొట్టి, బావని పక్కకి తిప్పి పడుకోబెట్టి, గొట్టం దించాను. గొంతు నుంచి కడుపుకి వెళ్లే దారి సగంలో ఆగిపోయింది. ఎర్రగా, పుండుగా, దారికి అడ్డంగా పెరిగిన కండ. క్యాన్సరని చూడగానే తెలిసింది. గొట్టమే దాటలేదు, ఇంక ముద్దేం దాటుతుంది? పరీక్షకి నాలుగు ముక్కలు తీసుకుని గొట్టం పైకి లాగేశాను.

బావ లేచి కూర్చుని మూతి తుడుచుకున్నాడు. గొంతు తిమ్మిరి కాస్త తగ్గాక రామూర్తిని చూసి నవ్వాడు.

"డాక్టరుగారూ, నాలుగు నెల్ల కిందట తమ దగ్గరికి వొచ్చినాను, గుర్తుందా? గొట్టమెయ్యాలి, విశాఖపట్నం ఎల్లమని ఒకటే పోరు పెట్టినారు. మా బామ్మర్దే గేసన్నాక మీరేటి సెప్పేదని కోపం సేసి లేచొచ్చీసినాను." ఆయన నా వైపు తిరిగాడు. "ఈయనకి నువ్వే సెప్పు బామ్మర్దీ. గేసే కదా?"

అవును, నేనే అన్నాను. ఆరు నెలల కిందట అక్క కోటబొమ్మాళి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, మీ బావకి ముద్ద దిగట్లేదురా అంది. నేనప్పుడు సింగపూర్ ఉపన్యాసం దిద్దుకుంటున్నాను. అందులోనూ ఇవే మాటలు. గ్యాస్ అక్కా, పరగడుపున ఒక మాత్ర వేసుకోమను అని పెట్టేశాను. రెండు నిమిషాలు పట్టింది. నా అంత వేగంగా రోగం కనిపెట్టేవాడు ఈ జిల్లాలో లేడు.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "గ్యాస్ కాదు బావా, చెడ్డ పుండు. రామూర్తిగారు చెప్పిందే నిజం. తప్పు నాది," అన్నాను.

రామూర్తి లేచొచ్చి బావ పక్కన కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "లోపల చిన్న జాలీ గొట్టం పెడితే అన్నం దిగుతుంది నూకయ్యా. అది పెట్టడంలో మీ బావమరిది తరవాతే ఎవరైనా," అన్నాడు. నిజమే. ఆ గొట్టం పెట్టేది నయం చేసే వేళ దాటిపోయి, ఆలస్యంగా వచ్చినవాళ్లకే. వాళ్ల మీదే నాకు అంత పేరొచ్చింది.

బావ నా భుజం తట్టాడు. "పోన్లే. ఇప్పుడు సూసినావు కదా, ఇంకేటి బయం. నెల పోతే ఏట మొదలైపోద్ది. అప్పటికి నేను పడవెక్కగల్నా?"

అన్నం దిగుతుంది బావా అనబోయాను. ఆయన అడిగింది అన్నం సంగతి కాదు. ముందు మందులు మొదలెడదాం అందామనుకున్నాను. అలాంటి మాటలు నాకు చాలా వచ్చు, విద్యార్థులకి నేర్పుతాను కూడా.

అక్క నా మొహంలోకే చూస్తోంది. "ఈసారి ఫోన్లో కాదు కదరా తమ్ముడా. సూసినావు. సూసిందే సెప్పు."

"ఎక్కలేవు బావా," అన్నాను.