ఆకుపచ్చ దారం గుండీ

ఊరందరి బట్టల ముడతలూ తీసే మనవాడు తన చొక్కాకు మాత్రం కాలరూ చేతులే ఇస్త్రీ చేసుకున్నాడు. పైన కోటు ఉండగా మిగతాది ఎవడు చూడొచ్చాడు? అదీ వాడి ధీమా. ఆ కోటు కూడా వాడిది కాదు, వాడు పనిచేసే లాండ్రీలో ఎవరో ఉతకడానికి ఇచ్చిపోయింది. ఆ రోజు పెళ్లిసంబంధం మాట్లాడుకోవడానికి వెళ్తున్నాడు మరి. అంతకుముందు చూసినవాళ్లంతా "కబురు చేస్తాం" అని చెప్పి చల్లగా జారుకున్నవాళ్లే. "ఇదీ చెడగొట్టుకుని వచ్చావంటే నీతో మాట్లాడను" అని, మోకాళ్ల నొప్పులతో కదలలేని తల్లి మరీ మరీ చెప్పి పంపింది.

బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి వాడి పొట్టవైపే చూస్తోంది. మనవాడు లోలోపల పొంగిపోయి, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"ఆ గుండీ ఆకుపచ్చ దారంతో కుట్టించారేంటండీ?" అందామె.

"అదో ఫ్యాషనండీ."

"ఫ్యాషనేం కాదు. నల్లదారం లేక నేనే కుట్టాను. అది మా అన్నయ్య కోటు. విప్పండి."

మనవాడు కోటు అంచులు దగ్గరికి లాక్కున్నాడు. విప్పితే ఏముంది? నలిగిన చొక్కా, దాని వీపు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. సిగ్గు విడిచి ఉన్నదున్నట్టు చెప్పి బతిమాలాడు. ఆమె మందుల షాపులో పనిచేసే మనిషి, ఇలాంటి బతిమాలడాలు రోజూ చూస్తుంది. "సరే, వెళ్లి మాట్లాడుకోండి. కోటు చేతికి వచ్చేదాకా మిమ్మల్ని మాత్రం వదలను" అంటూ వెంటే వచ్చింది.

పెళ్లిపిల్ల వాళ్లింట్లో ఈవిడెవరని అడిగారు. "మా పిన్ని కూతురు" అనేశాడు మనవాడు నోటికొచ్చినట్టు. ఆమె వాడి పక్కనే కూర్చుని, కోటు మీద ఒలుకుతుందని టీ కప్పు తనే పట్టుకుంది. గోడకు ఆనుకోబోతే "అన్నయ్యా, సున్నం అంటుతుంది" అంది. అన్నంటే ఎంత ప్రేమో అని పిల్ల తల్లి మురిసిపోయి మొగుడి చెవిలో ఏదో ఊదింది. పెళ్లికూతురు కావలసిన పిల్ల మాత్రం గడియారం వంక చూస్తూ కూర్చుంది.

"నువ్వు మాకు నచ్చావు బాబూ," అన్నాడు పిల్ల తండ్రి. "ఒక్కటే మాట. మీ చెల్లెల్ని మా పెద్దాడికి చేసుకుంటాం. రెండు పెళ్లిళ్లూ ఒక్కసారే కానిచ్చేద్దాం."

ఇన్నాళ్లకు తల్లి కోరిక తీరేలా ఉంది. "ఇంట్లో అడిగి చెప్తాం" అంటే చాలు. గుమ్మం దగ్గర పెద్దాడు అప్పుడే తల దువ్వుకుంటున్నాడు. మందుల షాపు అమ్మాయి మనవాడి ముఖంలోకి చూసింది. ఇందాకటి నుంచీ కోటునే చూస్తున్న మనిషి, మొదటిసారి వాణ్ణి చూసింది. మనవాడికి ఆ పెద్దాడి మీద ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, గుండీలు తీసి, కోటు ఆమె చేతిలో పెట్టాడు.

"ఈవిడ నా చెల్లెలు కాదండీ," అన్నాడు. "కోటు కూడా నాది కాదు."

వాళ్లను వీధిలోకి సాగనంపడానికి ఆ ఇంటివాళ్లు ఎంతోసేపు తీసుకోలేదు. కాలిన చొక్కా చూసి దారినపోయేవాళ్లు నవ్వుతుంటే, ఆమె కోటు తెచ్చి మళ్లీ వాడి భుజాల మీద వేసింది.

"మా ఇంటిదాకా వేసుకు రండి," అంది. "ఆ గుండీ వదులైంది. కుట్టాలి."

తల్లి కొన్నాళ్లు అన్నట్టే మాట్లాడలేదు. ఆ అమ్మాయి మోకాళ్లకు మందు పట్టుకొచ్చాక మెత్తబడింది. తీరా ఆమెతోనే పెళ్లి కుదిరాక, వేసుకోవడానికి మనవాడికి మళ్లీ కోటు లేదు. తల వంచుకుని పెళ్లికూతురి అన్నయ్య దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"తీసుకో బావా," అన్నాడతను. "ఈసారైనా అడిగావు."