తిన్నది ఒంటికి పట్టని మనిషి

తొమ్మిదో చొక్కాకు నాలుగో కాజా కుడుతుండగా ఆమెకు కళ్లు బైర్లు కమ్మాయి. సూదిని గుడ్డలో గుచ్చి, బల్ల అంచు పట్టుకుని కాసేపు ఆగింది. పాలిపోయిన గోళ్లు, ఎముక తేలిన మణికట్టు. మధ్యాహ్నం గోధుమ రొట్టె తిన్నాక మాత్రం కడుపు డోలులా ఉబ్బుతుంది. దర్జీ దుకాణంలో అందరూ ఆమెను ‘పుల్ల’ అంటారు. ఇరవయ్యేళ్లుగా ఆ పేరుకే పలుకుతోంది.

“ఇవాళేగా డాక్టరు దగ్గరికి?” అన్నాడు ఇస్త్రీ చేసే ముసలాయన. “వెళ్లిరా తల్లీ. అక్కడ ఫ్యాను కింద మాత్రం నిలబడకు, ఎగిరిపోతావు.”

ఆమె నవ్వి, చెప్పులేసుకుంది.

రెండు నెలల కిందట పక్కింటావిడ మాట విని రొట్టె మానేసింది. వారంలో కడుపు తేలికపడింది, నోటిపూత తగ్గింది. ఆ సంగతి చెబితే డాక్టరమ్మ, “గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు పదార్థం మీకు పడటం లేదేమో. కానీ పరీక్షలయ్యేదాకా మానకండి. మానేస్తే రక్తంలో జాడ దొరకదు” అంది. ఆరు వారాలు రెండుపూటలా రొట్టె తింది, చేదుమందు మింగినట్టు. పోయిన వారం రక్తమిచ్చింది.

ఇవాళ డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది. “అనుమానం బలంగానే ఉంది. గొంతులోంచి సన్నటి గొట్టం పంపి, పేగులో చిన్న ముక్క తీసి చూస్తే ఖాయమవుతుంది. అప్పటిదాకా తింటూనే ఉండండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?”

లేదనబోయి ఆగింది.

“మా అమ్మకి తిన్నది ఒంటికి పట్టేది కాదండీ. రొట్టె వద్దంటే వగలు అనేవాళ్లు. నేనూ అన్నాను.”

“ఆవిడనీ తీసుకురండి.”

“నలభై నాలుగేళ్లకే పోయిందండీ.”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “తోబుట్టువులుంటే వాళ్లకూ చేయించాలి” అంది మెల్లగా.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్లింది. చెల్లెలు బొద్దుగా ఉంటుంది.

“నాకెందుకే అక్కా ఆ పరీక్ష? నీ వాటా కూడా నేనే తింటున్నాగా.”

“లావుగా ఉన్నవాళ్లకీ ఉండొచ్చట. రేపు నాతో రా. అమ్మకీ ఇదేనేమోనే.”

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. లోపలికెళ్లి, పెట్టె అడుగునుంచి అమ్మ జాకెట్టు తెచ్చి అక్క ఒళ్లో పెట్టి, పక్కనే ఆనుకుని కూర్చుంది.

“వస్తాలే” అంది.

పుల్ల జాకెట్టును తిరగేసింది. పక్కన ఒక కుట్టు, దానికి లోపలగా మరొకటి, ఇంకా లోపలగా ఇంకొకటి. ఒళ్లు తగ్గినప్పుడల్లా అమ్మ తన చేత్తో బిగించుకున్న మూడు వరసలు. మూడో వరస చివర, ముడి వేయకుండా వదిలేసిన తెల్లదారం.