మత్తు లేని కుట్లు

సూరత్ దగ్గర పల్సానా దాటాక, చెరకు తోటల మధ్య ఉన్న ఆ ఫార్మ్‌హౌస్‌కి సంతోషిని రప్పించింది డాక్టర్ సుమన. వరంగల్ నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన సుమన, ఆడవాళ్ల నొప్పి గురించి డాక్టర్లూ రోగులూ కలిసి కూర్చుని మాట్లాడుకోవాలని ఆ శిబిరం పెట్టింది. "అక్కడ నువ్వు చెప్పు, వాళ్లు వింటారు" అంది.

సంతోషికి నమ్మకం లేదు. అయినా వచ్చింది. కాన్పు అయినప్పటి నుంచి ఇన్నేళ్లుగా ఆమె సరిగ్గా కూర్చున్నది లేదు. చీరలకు రాళ్లు అంటించే పని ఒక పక్కకి ఒరిగి చేసుకుంటుంది. మగ్గాల కార్ఖానాలో పనిచేసే భర్త కమలాకర్ రాత్రి పక్కకి జరిగితే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోతుంది. చూపించుకున్న ప్రతి డాక్టరూ అంతా బాగానే ఉందన్నారు. ఒకాయన మనసుకు మందు రాశాడు.

పొద్దున హాల్లో అందరూ చాపల మీద కూర్చున్నాక సుమన చెప్పింది. "ఇవాళ డాక్టర్లు పడుకుంటారు. మీ నొప్పి ఎక్కడో వాళ్ల ఒంటి మీద చూపించండి."

డాక్టర్లు మొహమాటంగా నవ్వారు. వాళ్లలో కళ్లద్దాల పెద్దావిడ ఒకామె లేచింది. పేరు జాగృతిబెన్. "ముందు నా మీదే చూపించండి" అని హిందీలో అంటూ వెల్లకిలా పడుకుంది.

ఆ గొంతు వినగానే సంతోషి గుర్తుపట్టింది. కాన్పు రోజు ఆమె ముఖానికి మాస్క్ ఉంది, గొంతు మాత్రం ఇదే.

"మేడమ్, మీరు సలాబత్‌పురాలో కాన్పులు చేసేవాళ్లా?" అని హిందీలో అడిగింది.

"చాలా ఏళ్లు చేశాను. అక్కడ నా నర్సింగ్ హోమ్ ఉండేది."

అక్కడే. బిడ్డ బయటపడ్డాక మత్తు ఇవ్వకుండా కుట్లు వేస్తుంటే సంతోషి కాళ్లు కొట్టుకుంది. ఆయాలు మోకాళ్లు విడదీసి నొక్కిపట్టారు. "చుప్! మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు?" అంటూ ఈ డాక్టరే తొడ మీద చెళ్లున కొట్టింది. సూది దిగింది. మళ్లీ కొట్టింది.

సంతోషి పక్కనున్న గంగవ్వ వైపు తిరిగింది. గంగవ్వ పడుచు వయసులోనే గర్భసంచి తీయించుకుని, నడుము నొప్పితో ముసలిదైన మనిషి.

"గంగవ్వా, జర ఈమె మోకాళ్లు వట్టుకో. గట్టిగ."

ఇదంతా శిబిరంలో భాగమనుకుని గంగవ్వ పట్టుకుంది. సంతోషి జాగృతిబెన్ తొడ మీద కొట్టింది.

"అరే, మెల్లగా!" జాగృతిబెన్ నవ్వబోయింది.

రెండో దెబ్బకి నవ్వు పోయింది. మూడోది చెంప మీద పడింది, కళ్లద్దాలు ఎగిరి గోడకు తగిలాయి. జాగృతిబెన్ లేవబోతే సంతోషి ఆమె ఛాతీ మీద కూర్చుని నోరు మూసింది. జాగృతిబెన్ ఆ అరచెయ్యి కొరికింది. సంతోషి ఆమె జుట్టు పట్టుకుని తలను నేలకు కొట్టింది. "చుప్! చుప్!" అని అరుస్తూ పిడికిలితో నోటి మీద గుద్దింది. పెదవి పగిలి పళ్లు ఎర్రబడ్డాయి.

"వదులు గంగవ్వా!" సుమన అరిచింది.

సంగతేమిటో అప్పటికి గంగవ్వకు అర్థమైంది. అయినా వదల్లేదు.

ఇద్దరు మగ డాక్టర్లు సంతోషిని చంకల కింద చేతులేసి ఈడ్చారు. ఈడుస్తుంటే కాలితో మళ్లీ తన్నింది.

"నీకు నేనేం చేశాను?" జాగృతిబెన్ నెత్తురు తుడుచుకుంటూ ఏడ్చింది. సంతోషి చెప్పింది. హాలంతా వింది.

"నాకు గుర్తులేదు" అంది జాగృతిబెన్. కళ్లద్దాల కోసం నేల తడుముతూ, "అప్పట్లో అందరికీ అలాగే చేసేవాళ్లం" అంది.

డాక్టర్లు వాళ్లను పోలీస్ చౌకీకి తీసుకెళ్లారు. అక్కడి హెడ్ కానిస్టేబుల్ సంతోషిని క్షమాపణ చెప్పి పొమ్మన్నాడు.

"నేను కొట్టిన సాబ్, తప్పే. ఆమె గూడ గట్లనే చెప్పాలె" అంది సంతోషి తెలుగులో. సుమన హిందీలోకి మార్చి చెప్పింది. జాగృతిబెన్ రుమాలు పెదవికి అదుముకుని లేచింది. "కేసు వద్దు" అని మాత్రం అని కారెక్కి వెళ్లిపోయింది.

కబురందుకుని కమలాకర్ బండి మీద వచ్చాడు.

"ఏందే గిది? డాక్టరమ్మను కొడతవా?"

"గామెనే నాకు కుట్లేసింది. మత్తియ్యకుండ. నేను ఒర్లుతుంటె కొట్టింది."

కమలాకర్ తల దించుకున్నాడు. "ఇన్న" అన్నాడు.

"ఏమిన్నవ్?"

"నువ్వు ఒర్లుడు. కొట్టిన సప్పుడు గూడ. తలుపు బయటనే ఉన్న. కాన్పంటె గంతేనని ఆయా అన్నది. గమ్మున కూసున్న."

సంతోషి చెయ్యి లేచింది. పొద్దున కాటు పడి వాచిన చెయ్యి. కమలాకర్ తప్పుకోలేదు. ఆమె కొట్టలేదు.

"బండెక్కు" అన్నాడు మెల్లగా.

"ఎక్క. గుంత గుంతకు నా పాణం పోతది. ఏనాడన్న అడిగినవా?"

ఆమె రోడ్డు పట్టుకుని నడిచింది. ఇంజను ఆపి, బండి తోసుకుంటూ అతను వెనకే వచ్చాడు. లారీల దుమ్ములో ఆమె పెద్దగా ఏడుస్తూ నడుస్తుంటే పలకరించే ధైర్యం చాలలేదు అతనికి.

ఆ తర్వాత సుమన మళ్లీ శిబిరం పెట్టలేకపోయింది, డాక్టర్లు రామన్నారు. కానీ సంతోషిని తన క్లినిక్‌కి పిలిచింది. ప్రతిసారీ అడిగి, సరేనన్నాకే చెయ్యి వేసి పరీక్షించింది.

"మానిన కుట్టులో నరం ఇరుక్కుంది సంతోషీ. నీ నొప్పి నిజం. కొంతవరకు తగ్గించగలను" అంది.

సంతోషి బట్టలు సవరించుకుంది. ఇన్నేళ్లు అంతా బాగానే ఉందన్న వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి, బల్ల అంచును రెండు చేతులా బిగించి పట్టుకుంది.