తెర మూలన పేరు

రిహార్సల్ అయిపోగానే ఊడ్చే ఆవిడ చీపురూ చేటా పట్టుకుని వేదిక ఎక్కుతుంది. కాగితం ముక్కలూ, అగ్గిపుల్లలూ, బొమ్మ కింద రాలిన అక్షరాలూ అన్నీ ఒకే ఊపులో ఊడ్చేస్తుంది. ఎండిన అక్షరాలైతే చేటలో గలగలమంటాయి. పచ్చివైతే నేలకంటుకుని ఆవిడ చేత నానా తిట్లూ తింటాయి.

నాటకం ఒక చిత్రకారిణి జీవితం. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందటి మనిషి. బొమ్మలన్నీ వేసింది ఆవిడ, కింద పేరు మాత్రం అన్నగారిది. చివరి రంగంలో జబ్బు మంచం మీంచి లేచొచ్చి, ఆఖరి బొమ్మ మీద కూడా తన చేత్తోనే అన్నగారి పేరు రాసి కుంచె కింద పెడుతుంది. చరిత్రలో అలాగే జరిగిందట, కాబట్టి నాటకంలోనూ అలాగే ఉండాలని దర్శకుడి పట్టుదల. నటి బాగానే రాసేది. ఆమె చెయ్యి తియ్యగానే అక్షరాలు ఒక్కొక్కటే జారి కింద పడేవి.

"రంగులో జిగురు చాలడం లేదు," అన్నాడు దర్శకుడు. "వాటి మీద ఎవరైనా కాలు జారి పడితే నా పీకల మీదకొస్తుంది. మేస్త్రీగారూ, కాస్త చూడండి."

మేస్త్రీగారంటే వేదిక వెనక తెరలకు బొమ్మలు వేసే పెద్దాయన. ఆ హాల్లో వేలాడిన ప్రతి తెరకూ కుడివైపు కింది మూలన ఆయన పేరే. ఆ పేరు ప్రదర్శన రోజున, తలుపులు తీసే ముందు మాత్రమే పడాలి. ముందే రాసేస్తే పని అయిపోయిందనుకుని చెయ్యి బద్ధకిస్తుందని ఆయన నమ్మకం. అయితే ఆ చెయ్యి వణకడం మొదలై చాలా ఏళ్లయింది. అప్పటినుంచీ తెరలు వేస్తున్నది కూతురు. ఆమె రంగులు కలిపి పెడుతుందనే అందరూ అనుకుంటారు. ఆఖరికి మూలన పేరు కూడా ఆమే రాస్తుంది, అచ్చం నాన్న చేతిరాతలో. నిజానికి నాన్న రాత కంటే అదే కుదురుగా ఉండేది.

ఈసారి తెర చూడ్డానికి రాజధానిలోని పెద్ద నాటకశాల మేనేజరు వస్తున్నాడు. నచ్చితే, వేసిన మనిషిని అక్కడ ఉద్యోగంలోకి తీసుకుంటాడు.

"నాన్నా, ఈ తెరకి నా పేరు రాసుకోనా?" అని అడిగింది కూతురు, జిగురు కాస్తూ.

"ఎవరి పేరైతే ఏముందే పిచ్చిదానా? నన్ను తీసుకుంటే నిన్నూ తీసుకున్నట్టే కదా. నువ్వు లేకుండా నేనెక్కడికెళ్తాను?"

"నీ వెనకాల రంగులు కలపడానికా?"

ఆయన గిన్నెలోకి తొంగి చూశాడు. "ఇంకాస్త చిక్కగా కాయి. నిన్న కూడా రాలాయి."

ఆమె చిక్కగానే కాసింది. ఏడుపొచ్చింది. పొగ మీదకు నెట్టేసింది.

ప్రదర్శన రోజున తెర ఎక్కించారు. చిత్రకారిణి గది, కిటికీ, కిటికీలోంచి వాన వెలిసిన వీధి. కూతురు మూలన కూర్చుని ఎప్పటిలాగే నాన్న పేరు రాసి, ఎవరూ రాకముందే లేచి వెళ్లిపోయింది.

చివరి రంగం వచ్చింది. నటి అన్నగారి పేరు రాసింది, అది ఎప్పటిలాగే రాలింది, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో తెర మూలన ఇంకేదో టపటపమని రాలడం పక్కన నిలబడ్డ తండ్రీకూతుళ్లకు మాత్రమే వినిపించింది. ఆయన పేరు మొదటి అక్షరం నుంచి వరసగా ఊడిపోతోంది. పళ్లు ఊడుతున్నవాడిలా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

జనం వెళ్లిపోయాక మేనేజరు వేదిక మీదకొచ్చాడు.

"వీధి చూస్తే ఇప్పుడే వాన ఆగినట్టుంది. ఎవరు వేశారండీ? పేరు లేదే?"

"ఇంకెవరు, మన మేస్త్రీగారే," అన్నాడు దర్శకుడు. "జిగురు చిక్కగా వెయ్యమని మొత్తుకున్నాను, వింటేగా!"

పెద్దాయన మెల్లగా కూలబడి, తన అక్షరాలు ఒక్కొక్కటే ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎంతసేపు ఏరాడంటే మేనేజరు గడియారం చూసుకున్నాడు.

"జిగురు బాగానే ఉందయ్యా," అన్నాడు చివరికి. "తెర మా అమ్మాయిది. ఇదొక్కటే కాదు, చాలా ఏళ్లుగా అన్నీ దానివే. చెప్పుకోడానికి నాకే సిగ్గేసింది."

కుంచె తీసి కూతురికిచ్చాడు. "రాయమ్మా."

ఆమె వంగింది. చెయ్యి అలవాటు కొద్దీ నాన్న పేరులో మొదటి అక్షరమే రాసింది. అది టప్పున రాలింది. ఆయన దాన్నీ తీసి జేబులో వేసుకున్నాడు. రెండోసారి ఆమె కాసేపు ఆలోచించి, తన పేరు రాసింది. బడిపిల్ల రాసినట్టు వంకరటింకరగా వచ్చింది. అందరూ మూల వైపే చూస్తూ నిలబడ్డారు. ఊడ్చే ఆవిడ కూడా చేట సిద్ధంగా పట్టుకుని చూసింది. ఏమీ రాలలేదు.

"వచ్చే నెలలో చేరగలవా అమ్మా?" అన్నాడు మేనేజరు.

ఆమె నాన్న వైపు చూసింది. ఆయన తెరకు దగ్గరగా మొహం పెట్టి ఆ పేరు కూడబలుక్కుని చదువుతున్నాడు.

"రాత ఏం బాగాలేదే," అన్నాడు. "అక్కడికెళ్లాక అలవాటవుతుందిలే."